ముడి చూపించి ఎక్కండి

నేను రాజమండ్రిలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పేరుకి డైరెక్టరు. పిల్లలకీ, అటెండర్లకీ, ఇంట్లో మా అత్తగారికీ కూడా డ్రిల్లు టీచర్నే. ఆ మాటకి నాకెప్పుడూ కోపం రాలేదు. కోపం తెప్పించిన మాటలు వేరే ఉన్నాయి. వాటికి అప్పట్లో పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మేడం, మాకేమైనా చెప్పండి" అంటారు. స్కేళ్ళ గురించీ ప్రమోషన్ల గురించీ మీ ఆఫీసు సూపరింటెండెంటు చెప్తాడు. ఖోఖో కోర్టు కొలతలు పుస్తకంలో ఉంటాయి. నేను చెప్పగలిగింది ఒక్క సంగతే. రాయన్నది కనిపించని డెల్టా ఆడపిల్లల చేత బండలెక్కించాను. వద్దన్నారు. ఎక్కించాను. మధ్యలో ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు ఒప్పుకున్న తర్వాత కూడా ఎక్కించాను.

బండ ఎక్కడుంది

భీమవరం నుంచి ద్రాక్షారామం దాకా ఎటు చూసినా చేలు, కాలవలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు. అక్కడ రాయి కావాలంటే లారీలో రావాలి. నేను పుట్టి పెరిగింది అలాంటి ఊళ్ళోనే. ముప్పై మూడేళ్ళు వచ్చేదాకా మేడ మెట్లు తప్ప మరేదీ ఎక్కి ఎరగను.

తొంభైల మొదట్లో మా కాలేజీకి ఒక కాగితం వచ్చింది. ఉత్తరాది కొండల్లో నెల రోజుల శిక్షణ ఇస్తారు, టీచర్ని పంపండి అని. అందరూ మేం వెళ్ళం అన్నారు. నేను వెళ్తానన్నాను. నిజం చెప్పాలంటే నెల రోజులు వంటపని తప్పుతుందన్నదే నా ఆశ.

మూడో రోజున నా నడుముకి పట్టీలు బిగించి, వాటికి తాడు కట్టి, నిట్టనిలువు బండ ముందు నిలబెట్టారు. ఇరవై అడుగులు ఎక్కేసరికి చేతులు పట్టు తప్పాయి, కాళ్ళు వాటంతటవే టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కింద నుంచి శిక్షకుడు హిందీలో అరుస్తున్నాడు. "చేతులతో ఎందుకు లాగుతున్నావు? నువ్వు నడిచేది చేతులతోనా?" నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఒక కాలు తీసి పైన పెట్టాను. అది నిలిచింది. రెండోది పెట్టాను. అదీ నిలిచింది. పైకి వెళ్ళి కూర్చున్నాక, నా ఒంట్లో నాకు తెలియని మనిషి ఒకతి ఇన్నాళ్ళూ ఉందని తెలిసింది.

ఈ పని ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. బండ పైన కదలని పెద్ద రాయికి తాళ్ళు కట్టి, వాటికి ఒక ఇనుప కొక్కెం తగిలిస్తాం. దాన్ని కారబైనర్ అంటారు. అసలు తాడు అందులోంచి దూరి రెండు కొసలూ కిందకి వస్తాయి. ఒక కొస ఎక్కే మనిషి నడుముకి. రెండో కొస కింద నిలబడి తాడు పట్టే మనిషి దగ్గర. ఎక్కేకొద్దీ కిందనున్న మనిషి తాడు బిగిస్తూ ఉంటుంది. కాలు జారితే ఆవిడ తాడు ఆపుతుంది, జారిన పిల్ల ఉన్నచోటే వేలాడుతుంది. తాడు పట్టుకుని పైకి పాకడమని చాలామంది అనుకుంటారు. ఎక్కాల్సింది సొంత కాళ్ళతోనే. తాడు పనిలోకి వచ్చేది జారినప్పుడే. రెండు చేతులు, రెండు కాళ్ళు. మూడు నిలకడగా ఉన్నాకే నాలుగోది కదపాలి. అంతకన్నా పెద్ద విద్యేం లేదు. మిగతాదంతా ఆదివారం ఆదివారం చేసే సాధనే.

శిక్షణ నుంచి తిరిగొస్తూ ఒక తాడు, కాసిని కారబైనర్లు, రెండు నడుము పట్టీలు కొనుక్కొచ్చాను. ఇక బండ కావాలి. రాజానగరం దాటి మెట్టలోకి వెళ్తే అక్కడక్కడా గుట్టలుంటాయి. బ్యాంకులో పనిచేసే మా ఆయన స్కూటరు మీద నాలుగు ఆదివారాలు తిప్పితే ఒకటి దొరికింది. గేదెలు మేసే బీడు చివర నలభై అడుగుల నల్లబండ. ముఖం కొంచెం ఏటవాలుగా, అక్కడక్కడా పగుళ్ళతో, నా కోసమే నిలబెట్టినట్టుంది. మా ఆయన నెత్తిన తువ్వాలు వేసుకుని తాడు పట్టుకునేవాడు. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే" అని ప్రతిసారీ అనేవాడు. తాడు మాత్రం ఎప్పుడూ వదల్లేదు.

కాలేజీలో పిల్లలకి నేర్పుతానని అడిగితే అప్పటి ప్రిన్సిపాల్ గారు నవ్వారు.

"కొండెక్కాలంటే అన్నవరం మెట్లున్నాయి కదండీ పద్మావతి గారూ. పుణ్యం కూడా వస్తుంది."

"మెట్లెక్కితే భయం పోదండి," అన్నాను.

"ఆడపిల్లలకి కాస్త భయం ఉండాలండి," అన్నారాయన.

ఆయన చెడ్డమనిషి కాదు. ఇద్దరు కూతుళ్ళ తండ్రి. ఆ మాట ప్రేమగానే అన్నారు. నాకు అందుకే ఎక్కువ మండింది. ద్వేషంతో అన్నమాటనైతే దులుపుకుని పోవచ్చు.

ఆ ఏడు కాలేజీకి తనిఖీ కమిటీ రాబోతోంది. హాల్లో గోడలకి తగిలించడానికి కొత్త ఫొటోలు కావాలన్నారు. అప్పుడు ఆయనకి నా బండ గుర్తొచ్చింది. పదిమందిని తీసుకెళ్ళండి, ఫొటోగ్రాఫర్ని పంపిస్తాను అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆయన ఎందుకు ఒప్పుకున్నారో ఆలోచించి ఉంటే బాగుండేది.

సగం వేసిన ముడి

మొదటి మూడు ఆదివారాలు బాగా గడిచాయి. పిల్లలు గాజులు తీసి రుమాలులో మూటగట్టి, చున్నీలు నడుముకి బిగించి ఎక్కేవారు. వాళ్ళలో చురుకైంది శిరీష. భీమవరం దగ్గర ఊరు, ఇంట్లో చేపల చెరువుల వ్యాపారం. చెప్పేలోపే చేసేసే పిల్ల. అలాంటి పిల్లల్ని చూస్తే మనకి ముచ్చటేస్తుంది, జాగ్రత్త తగ్గుతుంది. నాకు అదే జరిగింది.

నాలుగో ఆదివారం ఫొటోగ్రాఫరు వచ్చాడు. శిరీష నడుముకి తాడు ముడేస్తున్నాను. మేం వేసేది ఎనిమిది అంకెలా ఉండే ముడి. ముందు తాడుకి ఒక ఎనిమిది వేసి, కొసని నడుము పట్టీలోంచి దూర్చి, మళ్ళీ అదే ఎనిమిది వెంట వెనక్కి నడిపించాలి. దూర్చేదాకా వేశాను. "మేడం, ఇటు చూడండి, వెలుగు పోతోంది" అన్నాడు ఫొటోగ్రాఫరు. లేచి, జుట్టు సర్దుకుని, అటు తిరిగి నిలబడ్డాను. అతను రెండు ఫొటోలు తీశాడు.

ముడి అయిపోయిందనుకుని శిరీష ఎక్కేసింది. కింద తాడు పడుతున్న పిల్ల కూడా అయిపోయిందనే అనుకుంది. నేను వెనక్కి తిరిగేసరికి శిరీష పన్నెండడుగుల ఎత్తులో ఉంది. కాలు జారింది. తాడు ఆపాలి. ఆపలేదు. తాడు కొస పట్టీలోంచి సర్రున జారి గాల్లో ఊగింది. పిల్ల నా ముందు నేల మీద పడింది.

అరవలేదు. చెయ్యి వంక చూసుకుని, "మేడం, ఇది వంకరగా ఉందేంటి" అంది. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది.

మణికట్టు విరిగింది, భుజం దగ్గర ఎముక చిట్లింది. ఇంకో నాలుగడుగులు పైనుంచి పడుంటే ఏమయ్యేదో నేను ఊహించుకోను. ఊహించుకుని ఏడవడం తేలిక. ముడి పూర్తిచెయ్యడమే కష్టం.

కొత్తగా వస్తున్నవాళ్ళు ఇది గట్టిగా వినండి. ఆ రోజు తాడు తెగలేదు, బండ ఊడిపడలేదు, పిల్ల తప్పు చెయ్యలేదు. టీచరు ఫొటోకి నిలబడింది. ఈ వృత్తిలో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి కారణం ఇలాగే ఉంటుందని నా నమ్మకం. మనం చేస్తున్న పనిని ఎవరో చూస్తున్నారని తెలిసిన క్షణంలో పని వదిలేస్తాం.

నేను రాయని వాక్యం

ఆస్పత్రికి ప్రిన్సిపాల్ గారు నాకన్నా ముందే వచ్చారు. వరండాలో పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పారు.

"హాస్టల్ మెట్ల మీద జారిందని వార్డెన్ చేత చెప్పించానండి. వాళ్ళ నాన్నగారు బయల్దేరారు. మీరేం మాట్లాడకండి."

"శిరీషకి నిజం తెలుసు కదండీ."

"చిన్నపిల్ల. మీరంటే ఇష్టం. మీరు చెప్తే అదే అంటుంది."

 ఆ పిల్ల నా మీద పెట్టుకున్న ఇష్టంతో ఆ పిల్ల చేతే అబద్ధం ఆడించమంటున్నారు. వాళ్ళ నాన్నగారు తెల్లచొక్కాతో, చెరువు గట్టు మీంచి నేరుగా వచ్చినట్టు బురద చెప్పులతో వచ్చారు. ఎదురెళ్ళి చెప్పాను.

"మెట్ల మీద కాదండి. బండ ఎక్కుతుంటే పడింది. ముడి వేయాల్సింది నేను. పూర్తిగా వేయలేదండి."

ఆయన లోపల మంచం మీదున్న కూతురి వైపు చూశారు. "నేను మా అమ్మాయిని చదువుకి పంపానండి, మీ సరదాకి పంపలేదు," అన్నారు. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

శిరీష పరీక్షలకి మాత్రం వచ్చి డిగ్రీ పూర్తిచేసింది. మళ్ళీ బండ దగ్గరికి రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత కొవ్వూరు స్టేషన్‌లో కనిపించింది, చంకలో పాప. పలకరించింది. "వర్షాకాలంలో చెయ్యి లాగుతుందండి ఇప్పటికీ," అంది. క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగితే ఔననేది. ఆ పిల్ల చేత బలవంతంగా మంచిమాట అనిపించుకునే హక్కు నాకు లేదు.

కాలేజీలో విచారణ జరిగింది. నా చేత ఒక సంజాయిషీ రాయించుకోవాలనుకున్నారు. టైపు చేసిన కాగితం ముందే సిద్ధంగా ఉంది. అందులో రెండు ముక్కలున్నాయి. నా అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది అన్నది మొదటిది. ఇటువంటి సాహసాలు ఆడపిల్లలకి తగవని గ్రహించాను, ఇకపై చేయించను అన్నది రెండోది.

కలం తీసి రెండో వాక్యం కొట్టేసి, కింద సంతకం పెట్టాను.

"అదేంటండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"మొదటిది నేను చేసిన తప్పండి. దానికి మీరు ఏ శిక్ష వేసినా సరే. రెండోది నేను గ్రహించలేదండి. గ్రహించనిది ఎలా రాయను?"

"ఇంత జరిగాక కూడా మీకు మొండితనమేనా?"

"లాబ్‌లో యాసిడ్ ఒలికితే కెమిస్ట్రీ మానేయలేదు కదండీ మనం. ఒలికించినవాళ్ళని అడిగాం."

మెమో ఇచ్చారు. నాకు న్యాయంగానే అనిపించింది. తాడూ, పట్టీలూ స్టోరు రూము బీరువాలో పెట్టి తాళం వేశారు. అది న్యాయం కాదు. రెండేళ్ళు ఆ బీరువా ముందు నుంచి రోజూ నడిచి గ్రౌండ్‌కి వెళ్ళాను. త్రోబాల్ ఆడించాను, కవాతు చేయించాను. స్టాఫ్ రూములో ఒకరిద్దరు నా వెనకాల "కొండమ్మ" అనేవారు. ఒకరోజు ముందుకెళ్ళి, "వెనకెందుకండీ, ముందే పిలవండి, బాగుంది పేరు" అన్నాను. ఆ తర్వాత మానేశారు.

సొంత డబ్బుతో మరో తాడూ, పట్టీలూ కొనుక్కున్నాను. ఆదివారాలు నావి. బీరువా తాళం ఆదివారాలకి పడదు.

మూసుకున్న కళ్ళు

ఆ రెండో ఏట వెంకటలక్ష్మి నా గదికి వచ్చింది. అంబాజీపేట పక్క పల్లెటూరు, బీకాం మొదటి సంవత్సరం. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని పిల్ల. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"మేడం, మీరు ఆదివారాలు బండెక్కుతారటండి. నేనూ వస్తానండి."

"మీ ఇంట్లో ఒప్పుకోవాలి. అసలు నీకెందుకు ఇది?"

 తలుపు వదలకుండానే చెప్పింది. "మా నాన్న కొబ్బరి దింపు తీస్తారండి. చిన్నప్పట్నుంచీ ఆయన చెట్టెక్కితే నేను కళ్ళు మూసుకుంటాను. దిగేదాకా తెరవను. తెరవడం నేర్చుకుందామనండి."

ఇంతకు మించిన కారణం నాకు తర్వాత కూడా ఎవరూ చెప్పలేదు.

కాలేజీతో సంబంధం లేదు, ఇది నా సొంత బాధ్యత అని ఒక కాగితం రాసి, మీ నాన్నగారి సంతకం తీసుకురమ్మన్నాను. శిరీష సంగతి కూడా అందులో దాచకుండా రాశాను. మీరూ అలాగే రాయండి. ప్రమాదం గురించి చెప్తే ఎవరూ పంపరని భయపడతాం. పంపకపోతే పంపకపోనీ. తెలిసి పంపిన తండ్రి ఒక్కడు చాలు.

ఆ తర్వాతి ఆదివారం బండ దగ్గరికి సంతకానికి బదులు తండ్రే వచ్చాడు. నూకరాజు గారు. సన్నటి మనిషి, అరికాళ్ళు మొద్దుబారి చెక్కల్లా ఉన్నాయి. వచ్చీరాగానే నాతో మాట్లాడలేదు. బండ చుట్టూ తిరిగాడు. వెనకవైపు నుంచి పైకెళ్ళి నేను తాళ్ళు కట్టిన రాయిని భుజంతో నెట్టి చూశాడు. తాడు పొడవునా వేళ్ళ మధ్యనుంచి జార్చుకుంటూ తడిమాడు. ఆ తర్వాత వచ్చి కూర్చున్నాడు.

"తాడు బానే ఉందండి మేడం గారూ. మరి ఆ పిల్ల పడ్డ రోజున ముడి ఎవరు చూశారండి?"

"నేనే వేశాను కదండీ. సగంలో వదిలేశాను."

"ఆయ్, వేసింది మీరేనండి. చూసిందెవరని అడుగుతున్నానండి."

 ఎవరూ చూడలేదు. చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

"మేం దింపుకెళ్తే నలుగురం వెళ్తామండి," అన్నాడాయన. "చెట్టెక్కే ముందు నడుం మోకు పక్కోడికి చూపించాలి. వాడు లాగి చూసి ఎక్కమంటేనే ఎక్కాలి. నాకు ముప్పై ఏళ్ళ అనుభవమండి. అయినా నిన్నగాక మొన్నొచ్చిన కుర్రోడికి చూపించే ఎక్కుతాను. చూపించకుండా ఎక్కినోణ్ణి మర్నాడు మాతో రానియ్యమండి."

నెల రోజులు కొండల్లో గొప్ప శిక్షకుల దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళు ఇది చెప్పే ఉంటారు. నా బుర్రకెక్కింది మాత్రం ఆయన చెప్పినప్పుడే. ఆ రోజు నుంచి మా దగ్గర ఒకటే నియమం. ముడి చూపించి ఎక్కాలి. ఎవరైనా సరే, ఎన్నేళ్ళ అనుభవమున్నా సరే.

వెంకటలక్ష్మి మొదటి రోజు ఎనిమిదడుగులు ఎక్కి ఆగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. కాలు ఎక్కడ పెట్టాలో చూడకుండా ఎలా ఎక్కుతుంది? "తెరువమ్మా" అని నేను అనలేదు. అలాగే వేలాడనిచ్చి, దింపేశాం. రెండో ఆదివారం కూడా అంతే. నూకరాజు గారు కింద కూర్చుని బీడీ చేతిలో పట్టుకుని వెలిగించడం మర్చిపోయాడు. నాలుగో ఆదివారం అదే ఎనిమిదడుగుల దగ్గర ఆగి, చాలాసేపు నిలబడి, తల కొంచెం తిప్పి కిందకి చూసింది.

"నాన్నా, నీకు బట్టతల వచ్చిందా?" అంది.

ఆయన తల తడుముకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు ఆ పిల్ల పైదాకా వెళ్ళింది. ఆ తర్వాత కూడా వేగంగా ఎక్కే పిల్లేం కాలేదు. మా గుంపులో అందరికన్నా నెమ్మది. కానీ చూసి కాలు పెట్టేది. నాకు అలాంటివాళ్ళే కావాలి. దూకేవాళ్ళ సంగతి చూశాను.

దిగండి మేడం

ఆ ప్రిన్సిపాల్ గారు రిటైరయ్యారు. ఆయన చోట్లోకి కెమిస్ట్రీ మేడం వచ్చారు. పొట్టిగా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. నేను మళ్ళీ అర్జీ పెట్టుకున్నాను. పిలిచి ఒకే ప్రశ్న వేశారు.

"ముడి ఎవరు చూస్తారండి?"

పాత ఫైలు మొత్తం చదివారన్నమాట. కాగితం మీద చెప్తే నమ్మనన్నారు. ఆదివారం పొద్దున్నే తనే బండ దగ్గరికి వచ్చి రాయి మీద కూర్చున్నారు.

నేను ఆ రోజు గొప్పగా ఎక్కి చూపించాలనుకున్నాను. రెండేళ్ళ కసి ఉంది కదా. అప్పటికి కొత్త రకం నడుము పట్టీ కొన్నాను. దాని కొసని బకిల్లోంచి ఒకసారి లాగి, మళ్ళీ వెనక్కి తిప్పి దూర్చాలి. అలా తిప్పకపోతే బరువు పడ్డప్పుడు జారిపోతుంది. ముడి వేసుకుని, తాడు పడుతున్న వెంకటలక్ష్మి వైపు ఒకసారి తిరిగి, ఆ పిల్ల చూసే లోపే బండ మీద కాలు పెట్టాను.

"మేడం, దిగండి," అంది.

"చూశావుగా ముడి."

"ముడి బావుందండి. బకిల్ వెనక్కి తిప్పలేదండి. దిగండి."

ప్రిన్సిపాల్ మేడం చూస్తున్నారు. మిగతా పిల్లలు చూస్తున్నారు. నాకు మొహం కాలిపోయినంత సిగ్గేసింది. ఎక్కేస్తూ సర్దుకుంటాననాలని నోటిదాకా వచ్చింది. వెంకటలక్ష్మి తాడుని తన చేతుల్లోంచి తీసి నేల మీద పెట్టేసింది. నేను పట్టనని చెప్పడం అన్నమాట. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఏడాది కిందట నా గదిలోకి రావడానికి తలుపు దగ్గర నిలబడిపోయిన పిల్ల.

దిగాను. బకిల్ సరిచేసుకుని, వెళ్ళి చూపించాను. లాగి చూసి, "ఎక్కండి" అంది. ఎక్కాను. ఆ రోజు బాగా ఎక్కలేదు, రెండుసార్లు జారాను. రెండుసార్లూ ఆ పిల్ల ఆపింది.

కిందకి వచ్చాక ప్రిన్సిపాల్ మేడం కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. "పద్మావతి గారూ, మీరు ఎంత బాగా ఎక్కుతారో చూద్దామని రాలేదండి నేను. విద్యార్థి దిగమంటే మీరు దిగుతారో లేదో చూడాలనుకున్నాను. సోమవారం వచ్చి బీరువా తాళం చెవి తీసుకోండి."

నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చూసిన పై అధికారులందరిలోకీ ఆవిడ ఒక్కరే సరైన చోట చూశారు. మిగతావాళ్ళు షీల్డులు లెక్కపెట్టుకున్నారు. మీకు అలాంటి ప్రిన్సిపాల్ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరకనన్నాళ్ళూ మీ ఆదివారాలు మీ దగ్గరుంచుకోండి. మీ పక్కన మాత్రం దిగమని చెప్పగలిగే మనిషిని పెట్టుకోండి. పెట్టుకోకపోతే ఎంత ధైర్యమున్నా ఈ పనికి మీరు పనికిరారు. నిష్ఠూరంగా ఉన్నా ఇదే నా మాట.

క్వారీ

తర్వాత ఇరవై ఏళ్ళూ ఏటా కొందరు పిల్లలు బండ దగ్గరికి వచ్చారు. అందరూ గొప్పవాళ్ళేం కాలేదు. ఎవరికీ కప్పులు రాలేదు. "దీనివల్ల ఏమొచ్చింది?" అని ఇప్పటికీ అడుగుతారు. ఏమీ రాలేదు. ఆదివారం పూట ఇష్టంగా చేసుకునే పని ఒకటి ఆడపిల్లకి ఉండటానికి కూడా లాభం చూపించాలా? మగపిల్లలు కాలవ గట్టున పేకాడుకుంటే ఎవరూ అడగరు.

వెంకటలక్ష్మి మెట్టలోనే ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరైంది. నా రిటైర్మెంటుకి ఏడాది ముందు ఫోన్ చేసింది. "మేడం, మన బండ లీజుకిచ్చేశారండి. కంకరకి. సోమవారం నుంచి పేలుస్తారంట."

ఇద్దరం ఎవరెవరి దగ్గరికో తిరిగాం. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయన్నారు. సోమవారం నుంచి నిజంగానే పేల్చారు, ఇప్పుడక్కడ నీళ్ళు నిలిచిన గొయ్యి ఉంది. మేం మరో బండ వెతుక్కున్నాం. అదెక్కడో రాయను.

నేను చెప్పాలనుకున్నది ఆ ముందురోజు, ఆదివారం సంగతి. వెంకటలక్ష్మి తన స్కూలు పిల్లల్ని పదకొండు మందిని తీసుకొచ్చింది. బండ కింద అప్పటికే క్వారీ వాళ్ళు దిగారు. రాయికి తూట్లు వేసే మిషను, కూలీలు, ఒక జీపు. మొదటి పిల్ల సగం ఎక్కేసరికి మేనేజరు వచ్చాడు.

"ఎవరిచ్చారండి మీకు పర్మిషను?"

"పాతికేళ్ళుగా ఎక్కుతున్నామండి. ఎవరూ అడగలేదు."

"ఇప్పుడు నేనడుగుతున్నాను. దింపండి."

"తాడు మీద పిల్ల ఉందండి," అన్నాను. "తాడు పట్టినప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడను. ఆ పిల్ల దిగాక మాట్లాడదాం."

ఆ పిల్ల దిగింది. వెంకటలక్ష్మి ముడి చూసి రెండో పిల్లని ఎక్కించింది. అతను మళ్ళీ వచ్చాడు. నేను మళ్ళీ అదే చెప్పాను. తాడు మీద ఎప్పుడూ ఎవరో ఒక పిల్ల ఉంది. పదకొండు మందీ ఎక్కి దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అతను ఫోన్ మీద ఫోన్ చేసుకుంటూ జీపు చుట్టూ తిరిగాడు. పనిలేక కూలీలు నీడలో కూర్చుని మా వంకే చూస్తున్నారు. ఏ పిల్ల జారినా "అయ్యో" అంటున్నారు, పైకెళ్తే చప్పట్లు కొడుతున్నారు.

చివరి పిల్ల దిగాక కూలీల్లోంచి ఒకావిడ లేచి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చేతుల నిండా రాతి పొడి. పేరు సత్తెమ్మ అంది.

"నన్నూ కట్టండమ్మా," అంది. "రేపట్నుంచి దీన్ని కొట్టాల్సింది నేనే. ఇయ్యాల ఎక్కి చూస్తాను."

మేనేజరు "సత్తెమ్మా" అని గద్దించాడు. ఆవిడ వినిపించుకోలేదు. చీర కచ్చపోసి బిగించింది. నేను పట్టీ కట్టి ముడేశాను. వెంకటలక్ష్మి ముడీ, బకిలూ రెండూ లాగి చూసింది. ఆ రోజు తాడు పట్టింది నేనే.

సత్తెమ్మ ఉత్త కాళ్ళతో ఎక్కింది. ఎవరూ నేర్పలేదు, అయినా చేతులతో లాక్కోలేదు. రాయి ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ పెచ్చులూడుతుందో ఆవిడ వేళ్ళకి తెలుసు. అరచేత్తో ఒకసారి తట్టి, చప్పుడు విని, అప్పుడు పట్టుకునేది. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత ఆగకుండా పైదాకా వెళ్ళి, అంచు మీద కాళ్ళు కిందకి వేసుకుని కూర్చుంది.

 ఆవిడ చేలవైపు, రోడ్డువైపు, దూరంగా సన్నటి గీతలా మెరుస్తున్న గోదారివైపు చూసింది. తర్వాత కిందకి చూసింది.

"మేనేజరు గారండీ," అని పిలిచింది. "ఇక్కడ్నించి మీ జీపు అగ్గిపెట్టంత ఉందండి."

కూలీలందరూ నవ్వారు. అతను నా వైపు తిరిగి, దింపండి అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను తాడు బిగించి పట్టుకుని నిలబడ్డాను. సత్తెమ్మ ఇంకా చూస్తూనే ఉంది.